నాలుగు చక్రాల పర్మిట్ రూము

మద్యం దుకాణానికి లైసెన్సు ఇచ్చేది సర్కారు. సీసా మూతకు హోలోగ్రాం అంటించేది సర్కారు. డిపో నుంచి సరుకు పంపేది, ధర కట్టేది, పన్ను గుంజేది అన్నీ సర్కారే. ఇంత శ్రమపడే సర్కారు ఒక్క చిన్న ప్రశ్న దగ్గర మాత్రం నోరు మెదపదు. బాబూ, కొన్నాడు సరే, ఎక్కడ తాగాలి?

ఇంట్లో తాగితే ఇల్లాలు ఊరుకోదు. అద్దింట్లో తాగితే ఓనరు ఊరుకోడు. బారులో తాగితే పర్సు ఊరుకోదు. చెరువుగట్టున, పార్కులో, సందు చివర తాగితే పోలీసు ఊరుకోడు. దుకాణం పక్కన పర్మిట్ రూము ఉంటుంది గానీ, నెలకు లక్షన్నర తెచ్చుకునే సాఫ్ట్‌వేర్ బాబు అడ్డా కూలీ భుజం రాసుకుంటూ నిలబడి తాగడమా? పరువేం కాను! ఇక మిగిలింది ఈఎంఐ మీద కొన్న కారొక్కటే. నాలుగు తలుపులు, ఏసీ, పాటలు, వెనక్కి వాలే సీటు. గ్లాసు పెట్టుకోను కంపెనీవాడే తీర్చిదిద్దిన గుంట. ఇంతకన్నా మంచి బారు ఏ లైసెన్సుదారుడు కట్టగలడు? పైగా ఈ బారుకొక ప్రత్యేకత ఉంది. మూసే వేళయ్యాక అది గంటకు నూటఇరవై కిలోమీటర్ల వేగంతో ఇంటికి బయల్దేరుతుంది.

శుక్రవారం రాత్రి పది దాటాక హైదరాబాదు అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సర్వీసు రోడ్డులో ఒక కిలోమీటరు నడిచి చూడండి. లైట్లు ఆర్పేసిన కార్లు ఒకదాని వెనక ఒకటి ఆగి ఉంటాయి. ఇంజను మాత్రం ఆపరు, ఏసీ కావాలి కదా. అద్దాలకు ఆవిరి పట్టి ఉంటుంది. ఒక కారులో చూశాను: డాష్‌బోర్డు మీద బుల్లి వెంకటేశ్వరస్వామి, ఆయన పక్కనే హాఫ్ సీసా, ప్లాస్టిక్ గ్లాసులు, చిప్స్ ప్యాకెట్. పాపభీతి ఉన్నవాళ్ళే లెండి, స్వామివారి మీద చేతిరుమాలు కప్పారు. భగవంతుడు చూడకూడదు. ఎదురుగా వచ్చే లారీవాడు చూసినా చూడకపోయినా ఫరవాలేదు.

ఆ వరస చివర తోపుడుబండి ఒకటి. ఉడకబెట్టిన గుడ్లు, మసాలా పల్లీలు, డిస్పోజబుల్ గ్లాసులు, చల్లటి నీళ్ళ సీసాలు. ఆ అబ్బాయికి ఏ కారు ఎప్పుడొస్తుందో, ఎవరు ఉల్లిపాయ ఎక్కువ వేయమంటారో నోటికొచ్చు. అద్దం మీద వేలితో కొడితే అద్దం నాలుగంగుళాలు దిగుతుంది, పొట్లం లోపలికి పోతుంది, నోటు బయటికొస్తుంది. ఆ రోడ్డంతటి మీద తాగకుండా పనిచేస్తున్న మనిషి వాడొక్కడే. ట్రాఫిక్‌కు అడ్డమని అప్పుడప్పుడు కేసు పడేది కూడా ఆ బండి మీదే.

ఇక చట్టం సంగతి. మన తాగుబోతులకు తెలిసినంత చట్టం మన లాయర్లలో చాలామందికి తెలియదు. టార్చి వేసి అద్దం దింపమన్న కానిస్టేబుల్‌తో అవతలివాడు నాలుక మడతపడుతున్నా తడుముకోకుండా అంటాడు: "సార్, బండి ఆగి ఉంది కదా సార్. నడిపితే కదా డ్రంక్ అండ్ డ్రైవ్. నేను డ్రంకే, డ్రైవ్ ఎక్కడుంది?"

వాడు చెప్పేది నిజమే, అదే మన ఖర్మ. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ బండి నడుపుతున్నవాడికి, నడపబోతున్నవాడికి మాత్రమే వర్తిస్తుంది. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు తేలితే మొదటిసారి ఆరు నెలల దాకా జైలు, లేదా పది వేల జరిమానా, లేదా రెండూ. మళ్ళీ దొరికితే రెండేళ్ళు, పదిహేను వేలు. 2019 సెప్టెంబరుకు ముందు ఈ మొదటి జరిమానా మహా అయితే రెండు వేలే. అంటే మంచి స్కాచ్ సీసా ధర కన్నా తక్కువ. కానీ ఈ శిక్షలన్నీ బండి కదిలితేనో, కదిలించబోతేనో. ఆగిన కారులో డ్రైవరు సీటులో కూర్చుని నాలుగు పెగ్గులు వేసేవాడిని ఈ సెక్షన్ చేతులు కట్టుకుని చూస్తూ ఉంటుంది. అతను గేరు వేసేదాకా ఆగి, అప్పుడు మేలుకుంటుంది. ఆ కారు అక్కడికి హెలికాప్టరులో దిగలేదనీ, తిరిగి వెళ్ళేది కూడా రోడ్డు మీదేననీ చట్టం రాసినవాళ్ళకు తట్టలేదు కాబోలు.

సరే, 185 కుదరకపోతే బహిరంగ స్థలంలో తాగాడని పెట్టీ కేసు రాద్దామంటారా? హైదరాబాదులో అందుకు 1348 ఫసలీ నాటి సిటీ పోలీసు చట్టం ఉంది. నిజాం పోయాడు, ఆ చట్టం మాత్రం గట్టిగా ఉంది. అయితే ఇక్కడ మన బాబు రెండో అస్త్రం తీస్తాడు: "ఇది నా సొంత కారు సార్. ప్రైవేటు ప్లేసు."

కారు ప్రైవేటా, పబ్లిక్కా? ఈ ధర్మసందేహం సాక్షాత్తూ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2016లో జార్ఖండ్ గిరిడీ నుంచి పట్నా వెళ్తున్న ఒక కారును బీహార్ సరిహద్దులో, నవాదా జిల్లాలో ఆపారు. ఊదిస్తే మీటరు కదిలింది. బీహార్‌లో అప్పటికే మద్యనిషేధం. సొంత కారు బహిరంగ స్థలం ఎలా అవుతుందని వాళ్ళ వాదన. 2019 జులైలో సుప్రీంకోర్టు తేల్చేసింది: రోడ్డు మీద పోతున్న సొంత బండిలోకి జనానికి హక్కుగా ప్రవేశం లేకపోవచ్చు, కానీ దాని దగ్గరికి వచ్చే వీలుంది కదా, కనుక బీహార్ ఎక్సైజు చట్టం లెక్కలో అది బహిరంగ స్థలమే.

హమ్మయ్య, తేలిందనుకుంటున్నారా? ఆగండి. 2021 ఏప్రిల్ 7న ఢిల్లీ హైకోర్టు, కారులో ఒంటరిగా ఉన్నా సరే మాస్కు పెట్టుకోవాలి, కరోనా లెక్కలో కారు బహిరంగ స్థలమే అంది. సరిగ్గా తొమ్మిది రోజులకు, ఏప్రిల్ 16న, సుప్రీంకోర్టు ఇంకో కేసులో రోడ్డు మీద ఉన్న సొంత జీపు బహిరంగ స్థలం కాదు పొమ్మంది. అది మాదకద్రవ్యాల చట్టం కింద నడిచిన కేసు, నిందితులు బయటపడ్డారు. తీర్పులను తప్పు పట్టలేం. ఏ చట్టం నిర్వచనం దానిది, న్యాయమూర్తులు ఎదురుగా ఉన్న అక్షరాన్నే చదవాలి. కానీ మామూలు మనిషి స్థితి ఆలోచించండి. అదే కారు, అదే రోడ్డు. మందు తాగితే బహిరంగం, దగ్గితే బహిరంగం, ఆ జీపులోలా గసగసాల కాయల పొట్టు బస్తా వేసుకుంటే మాత్రం రహస్యం. ఒకే కారు ఇన్ని వేషాలు వేస్తే తాగనివాడికే తల తిరుగుతుంది.

మరో ముచ్చట. తాగిన మైకంలో నలుగురిలోకి వచ్చి చికాకు కలిగించేవాడికి 1860 నాటి భారత శిక్షాస్మృతి 510వ సెక్షన్ ఒక శిక్ష పెట్టింది: ఇరవై నాలుగు గంటల దాకా సాధారణ జైలు, లేదా పది రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పది రూపాయలు! విక్టోరియా రాణి కాలంలో అది పెద్ద సొమ్మే. ఆవిడ పోయింది, దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, రూపాయి విలువ ఎక్కడికో జారింది, ఆ పది మాత్రం 2024 జూన్ 30 దాకా చెక్కుచెదరలేదు. మసాలా పల్లీల పొట్లం కూడా రాని డబ్బుతో తాగుబోతు పాపం కడిగేసుకునే ఏర్పాటు నూట అరవై ఏళ్ళు నడిచింది. కొత్త న్యాయసంహిత 355వ సెక్షన్‌లో దాన్ని వెయ్యి చేసి, పక్కన సమాజసేవ చేర్చారు. సంతోషం. వెయ్యి అంటే కారులో కూర్చున్న నలుగురికి తలా రెండు వందల యాభై. స్టఫ్ ఖర్చులో కలిసిపోతుంది.

కారు అద్దాల మీద కూడా తీర్పుంది, మరిచిపోతానేమో. నల్ల ఫిల్ములు అంటించకూడదని 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. నిబంధనల ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు పోవాలి. అంటే పక్కసీటులో తాగేవాడు చట్టప్రకారం కనీసం సగం కనబడాలి. మనవాళ్ళు చట్టానికి గౌరవమిచ్చి ఫిల్ము పీకేశారు. దాని బదులు నల్లటి జాలీ తెరలు కొన్నారు. ఎండకని.

ఇదే బాబు డాలస్‌లో ఎలా ఉంటాడో చూడాలి. అక్కడ అతను సీసా కొన్నాడంటే తిన్నగా డిక్కీలో పెట్టి తాళం వేస్తాడు. టెక్సస్‌లో మూత తీసిన సీసా మనుషులు కూర్చునే చోట ఉంటే చాలు, ఐదు వందల డాలర్ల దాకా జరిమానా. రోడ్డు మీద బండి నడుస్తోందా, ఆగిందా, పార్కు చేశారా అన్న తేడా లేదు. 'నేను డ్రైవరు కాదు, వెనక కూర్చున్నాను' అన్నా వినరు. టాక్సీల్లో, బస్సుల్లో డబ్బిచ్చి ఎక్కినవాళ్ళకు మాత్రం మినహాయింపు. అమెరికా అంతా ఇలాగే ఉందని కాదు, మిసిసిపీలో రాష్ట్రమంతటికీ వర్తించే అలాంటి చట్టమే లేదు. కానీ డాలస్ బాబు డాలస్‌లో ఎందుకు బుద్ధిగా ఉంటాడంటే, అక్కడ ప్రశ్న తేలిక: మూత తీసి ఉందా లేదా? రక్తపరీక్ష అక్కర్లేదు, బహిరంగ స్థలం మీద వేదాంతం అక్కర్లేదు. అదే బాబు సంక్రాంతికి శంషాబాదులో దిగి, బావమరిది కారెక్కి, పహాడీషరీఫ్ దాటకముందే "ఓపెన్ చెయ్ బావా" అంటాడు. అక్కడ పులిహోర తిన్నా చెయ్యి తుడుచుకుని స్టీరింగు పట్టుకునే మనిషి!

ఇప్పుడు ఆ బావ దగ్గరికి వద్దాం. వెనక సీటు బ్యాచి దగ్గరికి. కారు బారులో డ్రైవరు ఒక్కడే నేరస్థుడని మనందరి నమ్మకం. మిగతా ముగ్గురూ అమాయకులు, ప్రకృతి ప్రేమికులు, పాటలు వింటున్నారు. గ్లాసులో పోసింది వాళ్ళే. "ఇంకొక్కటే మామా, నీకేం కాదు" అన్నది వాళ్ళే. "చెకింగు మెయిన్ రోడ్డులో పెట్టారంట, లోపలి దారిన పోనీ" అని వాట్సాప్ చూసి దారి చెప్పేదీ వాళ్ళే. మన మోటారు వాహనాల చట్టంలోనే 185 నుంచి మూడు సెక్షన్లు కిందికి దిగితే 188 అని ఒకటుంది. తాగి నడిపే నేరానికి ప్రేరేపించినవాడికీ ఆ నేరానికి పడే శిక్షే పడుతుందని రాసి ఉంది. 1988 నుంచీ ఉంది. ఈ అంకె మీలో ఎంతమంది విన్నారు? వారాంతం చెకింగుల్లో ఊదేది డ్రైవరొక్కడే. ప్రేరకులు ఫుట్‌పాత్ మీద నిలబడి, మీటరు ఎంత చూపిస్తుందో పందాలు కాసి, క్యాబ్ పిలుచుకుని వెళ్ళిపోతారు. క్యాబ్ ఉందన్న సంగతి వాళ్ళకు అప్పుడే గుర్తుకొస్తుంది.

ఆ తర్వాత ఇంటికి ఫోను. 2021లో తెలంగాణ హైకోర్టు చెప్పిన ప్రకారం తాగినవాడి బండిని పోలీసులు పట్టుకుని ఉంచుకోకూడదు. తాగనివాళ్ళు, లైసెన్సు ఉన్నవాళ్ళు వస్తే అప్పగించాలి. సబబైన మాటే. ఫలితంగా అర్ధరాత్రి పన్నెండింటికి, ఏ ఇల్లాలికి భయపడి కారులో తాగాడో ఆ ఇల్లాలే పిల్లాడిని పక్కింట్లో పడుకోబెట్టి, ఆటో ఎక్కి వచ్చి, కారు తీసుకుపోవాలి. ఆవిడ ఆ దారంతా ఏమంటుందో చెప్పను. ఏ న్యాయసంహితలోనూ లేని శిక్ష అది.

నవ్వుకున్నాం కదా, ఒక నిమిషం ఆగుదాం. 2016 జులై 1న హైదరాబాదు పంజగుట్ట దగ్గర తాగిన ఇంజనీరింగు విద్యార్థుల కారు డివైడరు దాటి ఎదురు కారు మీద పడింది. ఆ కారులో బడి నుంచి ఇంటికొస్తున్న పాప ఉంది. పాపతో పాటు ఆ కుటుంబంలో ఇంకొందరు పోయారు. స్టీరింగు పట్టుకున్నది ఒక్కడే. కానీ అతను ఆ కారులో ఒంటరిగా లేడు. పక్కనా వెనకా మిత్రులున్నారు. తాళం తీసుకోగల చేతులు ఆ కారులో చాలానే ఉన్నాయి. 2024 మేలో పుణెలో ఒక మైనరు తాగి ఖరీదైన కారుతో ఇద్దరు ఇంజనీర్ల ప్రాణాలు తీశాడన్న కేసులో, బెయిలు షరతుగా మొదట అడిగింది ప్రమాదాల మీద మూడు వందల పదాల వ్యాసం. మీరు చదువుతున్న ఈ వ్యాసం అంతకు ఎన్నో రెట్లుంది. దీనికి నాకేం మాఫీ అవుతుందో కనుక్కోవాలి.

తాగేవాడిని తిట్టడం తేలిక. గల్లాపెట్టె వైపు కూడా చూడండి. 2023లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకు లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులొచ్చాయి. దరఖాస్తు ఫీజు రెండు లక్షలు, లాటరీలో పేరు రాకపోయినా తిరిగి ఇవ్వరు. ఒక్క సీసా అమ్మకుండానే ఖజానాకు 2,600 కోట్ల పైచిలుకు. 2025లో ఫీజు మూడు లక్షలు చేశారు. దరఖాస్తులు తగ్గాయి, డబ్బు పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు నుంచి సర్కారే స్వయంగా కౌంటరులో కూర్చుని అమ్మింది, పర్మిట్ రూములు ఎత్తేసింది. అమ్మకం మాది, తాగడం మీ ఇష్టం, చోటు దేవుడెరుగు. 2024 అక్టోబరులో 3,396 దుకాణాలు మళ్ళీ ప్రైవేటు చేతుల్లోకి వెళ్ళాయి. అక్కడా దరఖాస్తుకు రెండు లక్షలే. విశాఖ బీచ్ రోడ్డు పక్కన కార్లలో చీకటిపడ్డాక సముద్రాన్ని చూస్తున్నట్టు నటించేవాళ్ళకు రెండు విధానాల మధ్య తేడా తెలిసింది సీసా ధరలోనే. చోటు మారలేదు.

దుకాణం రోడ్డుకు దూరంగా ఉంటే తాగి నడపరని ఒకప్పుడు ఆశపడ్డాం. 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు, జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదంది. ఇరవై వేల లోపు జనాభా ఉన్న ఊళ్ళకు దాన్ని తర్వాత 220 మీటర్లు చేసింది. కొన్ని రాష్ట్రాలు ఏం చేశాయి? దుకాణాలు కదల్చలేదు, రోడ్ల పేర్లు మార్చాయి. రాత్రికి రాత్రి రాష్ట్ర రహదారి జిల్లా రోడ్డయింది. కేరళలో పరవూరు దగ్గర ఒక బారువాడు ఇంకా ఘనుడు. వాకిట్లో గోడలతో పద్మవ్యూహం కట్టి, నడిచే దూరం లెక్కకు సరిపెట్టాడు. తర్వాత పురపాలికల హద్దుల్లో ఈ నిషేధమే వర్తించదని కోర్టు వివరణ ఇచ్చింది. ఇంతకీ ఆ 500 మీటర్లు ఎవరికి దూరం? నడిచేవాడికి. అరవై వేగంతో పోయే కారుకు అది అరనిమిషం.

కాబట్టి అయ్యా శాసనసభ్యులారా, అటు అమరావతిలో, ఇటు హైదరాబాదులో, మీకొక చిన్న పని. కమిటీ వద్దు, అధ్యయన యాత్ర అసలే వద్దు, వెళ్తే తిరిగొచ్చేటప్పుడు ఏం తెస్తారో మాకు తెలుసు. ఒక్క పేజీ బిల్లు చాలు. రోడ్డు మీదో, రోడ్డు పక్కనో ఉన్న సొంత బండిలో, మనుషులు కూర్చునే చోట మూత తీసిన మద్యం సీసా ఉండకూడదు. ఆగి ఉన్నా, కదులుతున్నా, డ్రైవరు దగ్గరున్నా, బావమరిది దగ్గరున్నా. కారు ప్రైవేటా పబ్లిక్కా అని ఎవరూ సుప్రీంకోర్టు దాకా పోనక్కర్లేదు. కొనుక్కున్న సీసా డిక్కీలో పెట్టుకుని ఇంటికి పోవచ్చు. ఇంటి దగ్గర సంగతి ఇల్లాలు చూసుకుంటుంది. ఇంట్లో వీలుకానివాడికి నడిచి వెళ్ళే దూరంలో, కూర్చునే కుర్చీ ఉన్న, మనిషి అడుగుపెట్టగల చోటు చూపించే పూచీ కూడా అమ్మినవాడిదే. లాటరీ ఫీజులో ఆ మాత్రం కుర్చీలు రావా?

ఆ బిల్లు వచ్చేలోపు వెనక సీటు మిత్రులకు ఒక మాట. పోసింది మీరైతే, పొమ్మన్నది మీరైతే, ఆరు నెలలూ పది వేలూ మీకూ రాసి ఉన్నాయి. సెక్షన్ 188. దానికి కొత్త చట్టమేదీ రానక్కర్లేదు.